ఎడారిలో నీటి కోతలు

నీటి మహిమను తెలిసికొనుటకు నీరున్న చోటికి గాక, నీరు లేని చోటికి పోవలెనని నాకు ఆస్ట్రేలియాలో ఒకనాడు బోధపడినది. ఆ ఖండపు నడిబొడ్డున ఆలిస్ స్ప్రింగ్స్ అను పట్టణము కలదు. అచ్చట సాలుకు కురియు వాన సుమారు 280 మిల్లీమీటర్లు. కరవునకు పేరుపడిన మన అనంతపురమున కురియుదానిలో ఇంచుమించు సగము. పట్టణమునకు పడమరగా మ్యాక్డోనెల్ కొండలు బారులు తీరియున్నవి. 1860లో స్టూఅర్ట్ అను అన్వేషకుడు వానికి నాటి గవర్నరు పేరు పెట్టెను. అనాదిగా అచ్చటి వారైన అరెర్న్‌త జనులు వానిని చోరిచ అందురు.

జూలై నెల, అనగా వారి చలికాలము. వేకువజామున నేనును మా కుమారుడును కారులో బయలుదేరితిమి. ఇరువది కిలోమీటర్ల లోపుననే సింప్సన్స్ గ్యాప్ అను కనుమ వచ్చినది. ఎఱ్ఱని కొండ నిలువున చీలియున్నది. చీలికలోని ఏరు తెల్లని ఇసుక మాత్రమే. కాని ఆ ఇసుకలో జామాయిల్ జాతి మహావృక్షములు పచ్చగా నిలిచియున్నవి. చేతులు కడుగుకొనుటకు నేను సీసా వంపబోగా మావాడు, “నాన్నగారూ, ఆ నీళ్లు పారబోయకండి. దారిలో బండి ఆగిపోతే మన ప్రాణాలు వాటిలోనే ఉన్నాయి” అనెను. నేను సిగ్గుపడి బిరడా బిగించితిని.

మిట్టమధ్యాహ్నమునకు స్టాండ్లీ కాజమ్ చేరితిమి. ఇరువైపుల గోడలు సుమారు 80 మీటర్ల యెత్తు. నడుమ ఇరుకైన సందు. ఆ కొద్దిసేపు మాత్రమే యెండ లోనికి దిగి, రాళ్లు నిప్పుకణికలవలె వెలిగినవి.

ఈ కనుమలెట్లేర్పడినవి? ప్రాచీన సముద్రపు టడుగున పేరుకొన్న ఇసుకయు బురదయు గట్టిపడి రాయి కాగా, ముప్పది కోట్ల యేండ్లకు పూర్వమే భూగర్భబలములు దానిని మడిచి పైకెత్తినవి. మెత్తని రాయి అరిగి లోయలైనది. గట్టి రాయి కొండబారులై నిలిచినది. ఏళ్ల దారి ఈ బారులకన్న ముందటిదని శాస్త్రజ్ఞులందురు. రంపము కదలక నిలిచి, దుంగ మెల్లగా పైకి లేచినచో నెట్లు తెగునో, కొండ అట్లు తెగినది. వరద అరుదే, కాని వచ్చినప్పుడు రాళ్లను దొర్లించుకొని వచ్చును.

సాయంకాలమునకు, పట్టణమునకు 135 కిలోమీటర్ల దూరమున నున్న ఆర్మిస్టన్ లోయను చూచితిమి. అందలి మడుగు పదునాలుగు మీటర్ల వరకు లోతట. ఆరుబయట ఎండ యేటికి సుమారు మూడు మీటర్ల నీటిని పీల్చగలదు. అయినను మడుగు నిలుచుటకు కారణములు రెండు: లోతు, గోడల నీడ. కరవుకాలమున చేపలు అందే తలదాచుకొని, వరద వచ్చినప్పుడు ఫింక్ నది పొడవునను వ్యాపించును. ఆ నదియు తుదకు ఎడారి ఇసుకలో నింకిపోవును.

తిరుగుదారిలో నాకు పెన్న జ్ఞప్తికి వచ్చినది. గండికోట వద్ద ఆ నదియు నట్లే ఎఱ్ఱరాతిని కోసినది. మాయూరి యేటిలో నా బాల్యమున మూరెడు లోతు చెలమకే నీరూరెడిది. నేడు నిలువెత్తు త్రవ్వినను తడి తగులదు, ఇసుక తరలిపోయినది. దానిని బండ్లకెత్తుటకు సమ్మతించిన పెద్దలలో నేనును ఒకడను. ఇసుక యేటికి మూత అని, ఎడారిలోని ఆ చెట్లను చూచువరకు నేను గ్రహింపలేదు. మీ యేటిలో ఇసుక ఇంకను మిగిలియున్నచో, గ్రామపెద్దలు తమలో తాము ఒకమాట యాలోచించుకొనుడని ప్రార్థించి సెలవు తీసికొనుచున్నాను.