ప్లాస్టిక్ గొట్టముల అతుకు

గోదావరి డెల్టాలో వేసవి వచ్చి కాలువలు కట్టివేసినప్పుడు, అనేక గ్రామములకు చెరువులలో నింపి ఉంచుకొన్న నీరే ఆధారము. గొట్టపు అతుకు కారినచో పోవునది ఆ నీరు మాత్రమే కాదు. సరఫరా ఆగి ఒత్తిడి తగ్గినప్పుడు అదే సందు గుండా చుట్టుపట్ల నున్న మురుగు లోనికి చొరగలదు. కావున అతుకు ఇంటిల్లిపాది ఆరోగ్యమునకు సంబంధించిన విషయము.

అంతర్వేది వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలికి ఇనుప గొట్టములు త్వరగా త్రుప్పుపట్టును. పి.వి.సి. గొట్టమునకు ఆ బాధ లేదు. అయితే ఇనుమునకు చెల్లిన పద్ధతులన్నియు దీనికి చెల్లవు.

ఇనుప గొట్టము కొనకు డైతో మర కోయుట పనివారికి అలవాటు. పలుచని పి.వి.సి. గొట్టమునకు అట్లు చేయరాదు. మర కోసినచోట గోడ మందము తగ్గి, ఒత్తిడికి పగులును. షెడ్యూలు 80 అను దళసరి గొట్టమునకు మర కోయవచ్చును గాని, అప్పుడును అది తట్టుకొను ఒత్తిడి సగమునకు పడిపోవును. కావున కుళాయికో పంపుకో కలుపుచోట, కర్మాగారముననే మరతో పోతపోసిన అడాప్టరును వాడుడని మేము చెప్పుదుము. ప్లాస్టిక్ బయటి మర లోహపు లోపలి మరలోనికి పోవుట మేలు. లోహపు మరను ప్లాస్టిక్‌లో బిగించినచో, మేకు దిగినట్లు దానిని చీల్చును. అట్టిచోట ఇత్తడి మర పొదిగిన భాగమును వాడవలెను. బయటి మరపై టెఫ్లాన్ టేపును బిగింపు దిశలోనే చుట్టి, చేతితో బిగించిన పిమ్మట రెంచితో ఒకటి, మహా అయిన రెండు చుట్లు త్రిప్పిన చాలును.

ఇక అతుకు. సాల్వెంట్ సిమెంటు మామూలు జిగురు కాదు. అది గొట్టము పైపొరను, సాకెట్టు లోపలి పొరను మెత్తబరచి రెంటిని ఏకము చేయును. తడి, దుమ్ము, నూనె ఉన్నచో ఈ కలయిక కుదరదు. గొట్టమును వంకర లేకుండ కోసి, రజను తీసి, అంచును ఆకురాయితో వాలుగా రుద్దవలెను. వాడి అంచు సిమెంటును గీకివేయును. పొడిగుడ్డతో తుడిచి, సాకెట్టు లోతును గొట్టముపై గుర్తించుకొనవలెను. రెంటికిని సిమెంటు పూసి, వెంటనే పావుచుట్టు త్రిప్పుచు గుర్తు వరకు దూర్చి, అర నిమిషము కదలక పట్టవలెను. లేనిచో గొట్టము వెనుకకు జారును. ఎండలో సిమెంటు త్వరగా ఆరిపోవును గనుక నీడపట్టున చేయుట మంచిది. దాని ఆవిరి అంటుకొనును. దగ్గర బీడీ కాల్చరాదు. డబ్బాపై చెప్పిన గడువు ముగియువరకు నీరు విడువరాదు. ఒక రోజు ఆగుట క్షేమము.

వేడినీటికి సి.పి.వి.సి. గొట్టమును, దానికై చేసిన సిమెంటును వాడవలెను. త్రాగునీటి పి.వి.సి. గొట్టముపై ఐ.ఎస్. 4985 ముద్ర చూచి కొనవలెను. మన బంకనేల వేసవిలో నెర్రెలిచ్చి వానకు ఉబ్బును. గొట్టము క్రింద ఇసుక పరచినచో అతుకులు కదలవు. ఎండలో పడియుండినచో గొట్టము పెళుసగును.

అన్నిటికంటె ముఖ్యము, నీరు విడిచి ప్రతి అతుకును చేతితో తడిమి చూచిన పిమ్మటనే కందకము పూడ్చవలెను.