నిర్మలగిరి నామవిచారము

రాజమహేంద్రవరమునుండి గోదావరి దాఁటి కొవ్వూరుమీఁదుగాఁ బోయినచో గౌరీపట్నము చేరుదుము. అచ్చటి కొండపై నిర్మలగిరి యను కథోలిక మరియమాత క్షేత్రము గలదు. ఇది 1976 లో నేర్పడిన ఏలూరు మేత్రాసనమునకుఁ జెందినది. ఏటేట మార్చి 25 వ తేదీన, దేవదూత మరియకుఁ గ్రీస్తుజననమును దెలిపిన మంగళవార్త దినమున, నచ్చట నుత్సవము జరుగును.

ఈ నామమున నొక శంక గలదు. 'నిర్గతం మలం యస్మాత్' అని విగ్రహవాక్యము చెప్పినచో, మున్ను మలముండి పిదపఁ దొలఁగెనని స్ఫురించును. వఱదమట్టి యడఁగి శరత్తునఁ దేఱిన గోదావరి యట్టి నిర్మల. కాని 1854 లోఁ దొమ్మిదవ పీయూసు పోపు ప్రకటించిన సిద్ధాంతము వేఱు: మరియ తన తల్లిగర్భమునఁ బడిన తొలిక్షణమునుండియు జన్మపాపము సోఁకకుండ రక్షింపఁబడెను. కావున, సమాసము వేఱైనను, 'నిర్మక్షికమ్' అనుచోటవలె నిచ్చటను 'నిర్' అనుదానికి నభావమే యర్థము.

శిల్పియు నిదియే చెప్పును. నిర్మలమాత ప్రతిమలలో శిరముచుట్టుఁ బండ్రెండు చుక్కలు, పాదములక్రింద నెలవంక, త్రొక్కఁబడిన సర్పము తఱచుగాఁ గానవచ్చును. సర్పము పాపమునకు గుర్తు. అది పాదములక్రిందనే యున్నది, మేనికిఁ బ్రాఁకలేదు.

ప్రతిమకుఁ జేయు గౌరవము మూలమూర్తికే చెందునని 787 లో నీకేయా రెండవ మహాసభ తీర్మానించెను. శబ్దము విన్నవాఁడు శబ్దముకడ నిలువక యర్థమును జేరును. కొండ యెక్కినవాఁడును ఱాతికడ నిలువఁడు.