కొత్త ల్యాప్‌టాప్‌లో తొలి వెబ్ పేజీ

కామారెడ్డి జిల్లాలోని గాంధారి వంటి మండల కేంద్రంలో ఒక కుటుంబం పిల్లల చదువు కోసం ల్యాప్‌టాప్ కొన్నదంటే, అందులో ఎన్నో నెలల పొదుపు ఇమిడి ఉంటుంది. ఆ ఇంటి అబ్బాయో అమ్మాయో వెబ్‌సైట్ల రూపకల్పన నేర్చుకుంటామన్నప్పుడు, సాఫ్ట్‌వేర్‌కు ఇంకెంత ఖర్చవుతుందోనన్న దిగులు పెద్దలకు కలగడం సహజం. ఆ దిగులు అక్కరలేదు. ఈ విద్య మొదలుపెట్టడానికి కావలసిన పనిముట్లన్నీ ఉచితంగా, చట్టబద్ధంగా లభిస్తాయి.

వెబ్ పుట్టుకలోనే ఈ ఔదార్యం ఉంది. 1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన సంస్థలో దానిని ప్రతిపాదించారు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను రుసుము లేకుండా అందరి వినియోగానికి విడిచిపెట్టింది. కనుక ఎవరైనా ‘క్రాక్’ చేసిన సాఫ్ట్‌వేర్ వేసిస్తామంటే మనం నిరాకరించాలి. అది ఒకరి శ్రమఫలాన్ని అపహరించడమే. దాని వెంట వైరస్‌లు చొరబడే ప్రమాదమూ ఉంది.

ఉన్న డబ్బును యంత్రం మీదే వెచ్చించాలి. ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు, 16 జీబీ అయితే మరీ మేలు. హార్డ్ డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ ఉన్నదానిని ఎంచుకోవాలి. విండోస్ లేని ల్యాప్‌టాప్ తక్కువ ధరకు దొరికితే, అందులో ఉబుంటును ఉచితంగా నెలకొల్పుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక ముందుగా అప్‌డేట్లు పూర్తిచేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టాలి. ఆపై ఒక బ్రౌజర్, కోడ్ రాయడానికి విజువల్ స్టూడియో కోడ్, చేసిన మార్పుల చరిత్రను భద్రపరచడానికి గిట్ చాలు. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్‌ను నేడు ప్రపంచమంతటా వాడుతున్నారు. వీటిని తయారీదారుల సొంత వెబ్‌సైట్ల నుండే దించుకోవాలి. నోడ్ జేఎస్‌ను జావాస్క్రిప్ట్ కొంత పట్టుబడిన తర్వాత చేర్చుకోవచ్చు.

తొలి పేజీకి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. ఒక ఫోల్డర్‌లో హెచ్‌టీఎంఎల్ ఫైలు రాసి, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. పేజీ ఆరంభంలో అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని ప్రకటించాలి. లేకుంటే తెలుగు, ఉర్దూ అక్షరాలు అర్థంకాని గుర్తులుగా మారే అవకాశముంది. ఉర్దూ పేరాకు ‘డిర్’ లక్షణంలో ‘ఆర్‌టీఎల్’ అని రాస్తే, ఆ భాగం కుడి నుండి ఎడమకు సాగుతుంది.

పాఠం కోసం ఎవరిదో పేజీని నకలు చేసేకన్నా, మన ఊరి గురించి రెండు భాషల్లో నాలుగు వాక్యాలు రాయించడం మంచిదని మేము భావిస్తున్నాము. రాసినదానిని పెన్‌డ్రైవ్‌లోనూ దాచిపెట్టించాలి. వారం గడిచాక పెద్దలు ఆ పేజీని అడిగి చూడాలి. దాదీమా ఉర్దూలో చదివే మాటలూ, పొరుగువారు తెలుగులో చదివే మాటలూ ఒకే పేజీలో కనిపిస్తే, ఆ పొదుపు సార్థకమవుతున్నట్లే.