ఒకే ప్రోగ్రాం, వందల మోటార్లు

"సిమెంటు ఫ్యాక్టరీలో వందల మోటార్లుంటాయి కదా, ఒక్కోదానికీ విడిగా ప్రోగ్రాం రాస్తారా?" అని నందిగామ పాఠకులొకరు అడిగారు. ఆ ఉత్తరం చదివాక నాకు వేరే పని మీద మనసు నిలవలేదు.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి ఉండబట్టే జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ ఫ్యాక్టరీలు వెలిశాయి. రాయిని పగలగొట్టి, పొడిచేసి, సుమారు 1450 డిగ్రీల వేడిలో క్లింకర్‌గా కాల్చి, జిప్సంతో కలిపి మళ్లీ నూరితే సిమెంటు. దారి పొడుగునా బెల్టులు, ఎలివేటర్లు, ఫ్యాన్లు. ఇలాంటి చోట మోటార్లకు ఆజ్ఞలిచ్చేది పీఎల్‌సీ అనే కంప్యూటర్.

మోటారుకొక ప్రోగ్రాం అక్కర్లేదు. ఒక్కసారి రాస్తే చాలు. దాన్ని ఫంక్షన్ బ్లాక్ అంటారు. పీఎల్‌సీ ప్రోగ్రాంల కోసం 1993లో వచ్చిన ఐఈసీ 61131-3 ప్రమాణంలో ఇదొక ముఖ్య భాగం. ఇందులో తర్కం మోటార్లన్నిటికీ ఒకటే, జ్ఞాపకం దేనిది దానిదే. వీధిలో కరెంటు మీటర్లన్నీ ఒకే పద్ధతిలో లెక్కగడతాయి, రీడింగు మాత్రం ఏ ఇంటిది ఆ ఇంటిదే!

బెల్టుకు స్టార్ట్ ఇవ్వగానే దాని బ్లాకు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ పడినట్టు గడువులోగా కబురు రాకపోతే ట్రిప్, అంటే మోటారు ఆగిపోతుంది. వచ్చాక, బెల్టు నిజంగా కదులుతోందా అని స్పీడ్ సెన్సర్‌ను చూస్తుంది. పొట్టి బెల్టుకు రెండు సెకన్ల గడువు చాలితే, సరుకు నిండిన పొడుగు బెల్టుకు పది కావాలి. అందుకే ఆ అంకెను బ్లాకు లోపల పాతెయ్యరు, బయటినుంచి అందిస్తారు. పైగా మిగతా బెల్టుల్లో, సరుకు వెళ్లే దిక్కున తన ముందున్నది తిరుగుతోందా అని మాత్రమే ప్రతి బ్లాకూ చూసుకుంటుంది. లేకపోతే రాయి కుప్పపడుతుంది మరి. ఆ ఒక్క ప్రశ్న గొలుసులా అల్లుకుని లైనంతా చివరినుంచి మొదటికి వరసగా లేస్తుంది. ఎంత చూసినా నాకు తనివి తీరదు.

అయితే ఒకసారి రాసినదాన్ని కొత్తచోట వాడేటప్పుడు, పాతచోట పనిచేసింది కదా అని ధీమాపడిన వాళ్లున్నారు. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ ఎగిరిన దాదాపు 40 సెకన్లకే ముక్కలైంది. ఏరియాన్ 4 నుంచి తెచ్చిన ప్రోగ్రాంలో, అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువ 16 బిట్ల గడిలో పట్టే 32,767ను దాటిపోయింది. తోడుంచిన రెండో కంప్యూటర్‌లోనూ అదే ప్రోగ్రాం, అదీ ఆగిపోయింది. నేల విడిచాక ఏరియాన్ 5కు ఆ లెక్కతో అవసరమే లేదు! ఆ విలువకు కాపలా ఎందుకు పెట్టలేదో ప్రోగ్రాంలో ఎక్కడా రాసి లేదు.

ఫ్యాక్టరీల్లో ఒకసారి రాసింది మళ్లీ వాడుకునే మాటకొస్తే నాకు కోపమే వస్తుంది. ప్రమాణం వచ్చి 30 ఏళ్లు దాటినా ఒక కంపెనీ పీఎల్‌సీకి రాసింది మరో కంపెనీదాంట్లో మార్పుల్లేకుండా ఎక్కదు. కొందరు బ్లాకుకు తాళం వేసి మరీ ఇస్తారు. ఆ తాళం తీసి, పది సెకన్లు ఎందుకో పక్కనే ఒక వాక్యం రాసిస్తే, అర్ధరాత్రి బెల్టు ఆగినప్పుడు షిఫ్టు ఎలక్ట్రీషియన్ ఊహలమీద పనిచేయక్కర్లేదు.