దామరచర్ల బూడిద రోడ్లకు మేలే... మట్టి కప్పితేనే!

అనంతగిరి: రోడ్డు ఎత్తు పెంచాలంటే మట్టి కావాలి. అందుకోసం గుట్ట అంచునో, చెరువు గర్భాన్నో, రైతు చెలకనో తవ్వాలి. పొలం పైమట్టి ఒకసారి పోతే మళ్లీ రావడానికి తరాలు పడుతుంది. ఈ మట్టికి బదులు పనికివచ్చే సరుకు ఇప్పుడు ఈ ప్రాంతానికి చేరువలోనే తయారవుతున్నది. అదే థర్మల్ బూడిద.

మిర్యాలగూడ వైపున దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 4000 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన యాదాద్రి విద్యుత్ కేంద్రంలో తొలిసారిగా 800 మెగావాట్ల యూనిట్ ఒకటి 2024 డిసెంబరులో ప్రారంభమైంది. మన దేశపు బొగ్గులో నూటికి 30 పాళ్లకు పైగా బూడిదే. దానిని గుట్టలు పోస్తే గాలికి లేస్తుంది, వానకు కొట్టుకుపోతుంది.

300 కిలోమీటర్ల నిబంధన

కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న జారీచేసిన ఉత్తర్వుల ప్రకారం థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు జరిగే రోడ్డు పనులలో బూడిద వాడి తీరాలి. అయితే విద్యుత్ కేంద్రం వారు బూడిదను ఉచితంగా, రవాణా ఖర్చు భరించి పని వద్దకు చేర్చాలి. కోదాడ, సూర్యాపేట, అనంతగిరి ఈ పరిధిలోవే.

ఢిల్లీలోని ఓఖ్లా వంతెన కట్టలకు 1990వ దశకంలోనే బూడిద వాడారు. భారత రోడ్ల కాంగ్రెస్ ఇందుకోసం 2001లో ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. బూడిద మట్టికంటే తేలిక గనుక మెత్తని నేలపై కట్ట కుంగడం తక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలువారే నల్లరేగడిలో సున్నంతోపాటు కలిపితే నేల గట్టిపడుతుంది. ఈ పనికి ఊక బూడిద కూడా ఉపకరిస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో దానికి కొదవలేదు. 100 కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక, దానిని కాలిస్తే 4 కిలోల బూడిద వస్తాయి.

రైతుకు భయం లేకుండా

బూడిదను ఒట్టిగా పోసి వదిలేస్తే మొదటి వానకే పక్క పొలాల్లోకి, కాలువల్లోకి చేరుతుంది. అందుకే తగినంత తడిపి, పొరలు పొరలుగా రోలరుతో తొక్కించాలి. రెండు పక్కలా, పైన మంచి మట్టి కప్పి పచ్చిక పెంచాలి. బావులకు, చెరువులకు దూరం పాటించాలి. లారీలపై పట్టాలు కప్పాలి.

బూడిద వాడడం వరకు చట్టం చూసుకున్నది. కట్టపై ఆ మట్టి కప్పు సరిగా పడిందో లేదో చూడవలసింది అధికారులు, గ్రామస్థులే. ఆ ఒక్క జాగ్రత్త తీసుకుంటే చెలకలూ మిగులుతాయి, రోడ్లూ నిలుస్తాయి.