పాట ఆగిన చోట వాక్యము ఆగలేదు



1965 డిసెంబరులో అమెరికాలో అన్ని పాటలకంటె ముందు నిలిచిన రికార్డు ‘ది బర్డ్స్’ అనే రాక్ బృందానిది. పాట పేరు ‘టర్న్! టర్న్! టర్న్!’. దాని మాటలు దాదాపు అన్నీ ప్రసంగి గ్రంథము 3వ అధ్యాయము మొదటి ఎనిమిది వచనాలవే!

వాటికి రాగం కట్టినవాడు జానపద గాయకుడు పీట్ సీగర్ (1919-2014). వచనాల వరుసను కొంత మార్చి, పల్లవిని, చివర శాంతిని కోరే కొన్ని మాటలను ఆయన చేర్చాడు. బర్డ్స్ బృందంలో రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల గిటారుతో ఆ పాటకు కొత్త ఊపు తెచ్చాడు.

ఆ సంవత్సరాంతానికి వియత్నాం యుద్ధభూమిలో అమెరికా సైనికులు 1,80,000 మందికి పైగా ఉన్నారు. కుమారులను సాగనంపిన ఇండ్లలో, గుడి మెట్లెక్కని యౌవనుల చెవులలో, చావు పుట్టుకలను, యుద్ధ సమాధానాలను గూర్చిన ఈ ప్రాచీన వాక్యము రేడియో ద్వారా వినబడింది.

అయితే పాట 8వ వచనం దగ్గర ఆగింది, ప్రసంగి ఆగలేదు. కాలాలు తిరుగుతాయని మాత్రమే చెబితే, పంట పోయిన రైతుకు, బిడ్డను పాతిపెట్టిన తల్లికి ఆదరణ ఏది? 11వ వచనంలో ప్రసంగి ఆ కాలాల వెనుకనున్న దేవుని చూపుతాడు. ప్రతిదానిని తగిన వేళలో అందముగా తీర్చేవాడు ఆయనే. నిత్యత్వము కొరకైన ఆశను మనలో ఉంచినవాడు ఆయనే.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ పిల్లలకు ఈ పాట కథ చెప్పండి. తరువాత బైబిలు తెరచి, 11వ వచనం వరకు చదవండి. ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.