చిగుళ్లు ముందే చెప్పే కబురు
ఒకప్పుడు తెలుగు కూలీలను రప్పించుకున్న, కలకత్తా దగ్గరి హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల వరుసలోనిదే బడ్జ్ బడ్జ్ ఊరు. అలాంటి మిల్లు ఊళ్లలో చిగుళ్ల నుంచి రక్తం కారితే నెపం జర్దా మీదకో ఖైనీ మీదకో పోతుంది. చాలాసార్లు ఆ నెపం నిజమే. కానీ పళ్లకు పెద్దగా గార పట్టకుండానే చిగుళ్లు వాచి, ఒకచోట చీముగడ్డ అణిగేసరికి మరోచోట లేస్తూ, పుచ్చని పళ్లు ఊగుతుంటే దంతవైద్యుడు అక్కడితో ఆగకూడదు, షుగరు పరీక్ష రాయాలి. ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా రక్తంలో చక్కెర పెరుగుతుంది. దాంతో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఆ నష్టం చిగుళ్లలో కంటికే కనిపిస్తుంది. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లకు పైమాటేనని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్కగట్టింది. వీళ్లలో తమకు జబ్బుందని తెలియనివాళ్లు తక్కువేం కాదు. చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ కూడా కొంత దిగుతుంది కాబట్టి ఈ బంధం రెండువైపులా ఉన్నదే.

పళ్లు చూసే డాక్టరుకు హార్మోన్ల గొడవ ఎందుకు, ఉత్తపుణ్యానికి రోగిని భయపెట్టడమే కదా అనవచ్చు. దేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో పెట్టింది కలకత్తాలోనే. పళ్లు పీకడం అలా కళాశాల చదువై వైద్యశాస్త్రంలో భాగమైనప్పుడు నోటిని ఒంటి నుంచి విడదీసి చూడడం కుదరదు. భయపెట్టడమన్న మాటలో మాత్రం కొంత న్యాయముంది. ఉదాహరణకు, అడ్రినల్ గ్రంథులు చెడితే బుగ్గల లోపల గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఈ జబ్బును థామస్ అడిసన్ 1855లో వర్ణించాడు. మన దగ్గర క్షయ కూడా దీనికి ఒక కారణం. కానీ మనలో చాలామందికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లన. నలుపు చూడగానే పరీక్షలు రాస్తే అది అన్యాయమే. తేడా రంగులో లేదు, మార్పులో ఉంది. చిన్ననాటి నుంచి రెండువైపులా ఒకేలా ఉన్న నలుపు సహజం. నడివయసులో కొత్తగా మచ్చలు పడి, వాటితోపాటు నీరసం, బరువు తగ్గడం, ఉప్పు మీద యావ, లేవగానే కళ్లు తిరగడం ఉంటే అప్పుడు రక్తపరీక్ష చేయించాల్సిందే.

పిల్లలకు పాలపళ్లు బాగా ఆలస్యమై, నాలుక పెద్దదిగా ఉంటే థైరాయిడ్ చూడాలి. పెద్దవాళ్లలో ముందుపళ్ల మధ్య సందులు పెరుగుతూ, కింది దవడ ముందుకొస్తుంటే పెరుగుదల హార్మోను ఎక్కువైందేమో కనుక్కోవాలి. బాగా అమరిన కట్టుడు పళ్లు ఇప్పుడు పట్టడం లేదని రోగి వస్తే, కొత్త కొలత తీసేముందు అదే అనుమానంతో వేలి ఉంగరం బిగుతైందా, చెప్పుల సైజు మారిందా అని అడగడానికి అర నిమిషం చాలు.